యుద్ధంలో కుర్ర సిపాయి: అపోహలు - వాస్తవాలు

సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లకు విశాఖ రామకృష్ణా బీచ్‌లో తెల్లవారుజామున శిక్షణ ఇస్తుంటాను. అగ్నివీర్ ఎంపికకు 17½ ఏళ్లు నిండితే చాలు కాబట్టి, మీసం సరిగా రాని పిల్లలు కూడా వస్తున్నారు. పరుగు గురించి, రాతపరీక్ష గురించి అడిగితే చెప్పడం తేలిక. యుద్ధం గురించి అడిగినప్పుడే ఎక్కువసేపు కూర్చోవలసి వస్తుంది. వాళ్లకు తెలిసిన యుద్ధం ఫోనులో చూసినది. నేను 1999లో కార్గిల్ యుద్ధంలో గన్నర్‌ని, అంటే ఫిరంగి జట్టులో సిపాయిని. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ ముగించి అప్పటికి ఎంతో కాలం కాలేదు.

అపోహ: యుద్ధమంటే పొద్దస్తమానం కాల్పులే.

మోత, ఎదురుచూపు, నిద్రలేమి. ఎక్కువ భాగం ఇదే. కార్గిల్ యుద్ధం జరిగిన ద్రాస్ ప్రాంతం సుమారు 10,800 అడుగుల ఎత్తున ఉంటుంది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాడికి అక్కడ బూటు తాడు కట్టుకోవడానికి వంగినా ఆయాసమే. అందుకే ఎత్తు ప్రాంతాలకు పంపేవారిని సైన్యం అంచెలంచెలుగా అలవాటు చేస్తుంది: 9,000 అడుగులు దాటాక 6 రోజులు, 12,000 దాటాక 4, 15,000 దాటాక మరో 4. తొందరపడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, ఉక్కులాంటి మనిషి కూడా ప్రాణం పోగొట్టుకోవచ్చు.

మా బోఫోర్స్ ఫిరంగి గుండు ఒక్కొక్కటి 40 కిలోల పైమాటే. లారీ నుంచి దించాలి, మోయాలి, ముక్కుకు ఫ్యూజు (గుండును పేల్చే పరికరం) బిగించాలి, గన్‌కు అందించాలి. చేతికి తొడుగు ఉంటే ఫ్యూజు పట్టు దొరకదు. తీస్తే ఇనుము చల్లదనానికి వేళ్లు మొద్దుబారతాయి. తొడుగును పళ్లతో కరిచి పట్టుకుని, ఫ్యూజు బిగించి, మళ్లీ తొడుక్కునేవాళ్లం. తోలోలింగ్ శిఖరం మీద ఉన్న శత్రువుకు శ్రీనగర్-లేహ్ రహదారి స్పష్టంగా కనబడేది. జూన్ 13న ఆ శిఖరం మన చేతికి వచ్చేదాకా లారీలు రాత్రిపూట, లైట్లు ఆర్పుకుని వచ్చేవి. గుండ్లు దించడం కూడా చీకట్లోనే.

అపోహ: శత్రువును ఎదురుగా చూసి కాలుస్తారు.

మాకు ఎదురుగా కనిపించేది చాలావరకు కొండే. పదాతిదళంతో కలిసి పైకి ఎక్కిన మా అధికారి అక్కడి నుంచి చూసి, రేడియోలో అంకెలు చెప్పేవారు. ఆ అంకెల్లో ఒక్కటి అటూ ఇటూ అయితే గుండు మనవాళ్ల మీదే పడుతుంది. అందుకని విన్న ప్రతి అంకెనూ గట్టిగా తిరిగి చెప్పి, ఆ తర్వాతే గన్‌ను తిప్పాలి. ఇప్పటికీ బ్యాంకులో ఎవరైనా ఖాతా నంబరు చెబితే నేను పైకి తిరిగి చదువుతాను.

అపోహ: ధైర్యవంతుడికి భయం ఉండదు.

పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఈ మాటే. అవతలి ఫిరంగులు మా వైపు తిరిగినప్పుడు నోరు పిడచకట్టుకుపోయేది, మోకాళ్లలో సత్తువ ఉండేది కాదు. నా ఒక్కడికే కాదు, మా హవల్దార్ గారికి కూడా. ఆయన ఆ మాట దాచకుండా చెప్పడమే మమ్మల్ని నిలబెట్టింది. గోల్కొండలో ఒకే పనిని విసుగెత్తేదాకా ఎందుకు చేయించారో అప్పుడు తెలిసింది. బుర్ర మొరాయించినా చేతులు తమ పని తాము చేసుకుపోయేవి. ఇక పక్కవాడు ఉంటాడు. నేను ఆగిపోతే వాడి ప్రాణం మీదికి వస్తుందన్న ఆలోచన కాళ్లను కదిలిస్తుంది. బయలుదేరేటప్పుడు మనసు నిండా దేశమే. గుండ్లు పడుతున్నప్పుడు మాత్రం ఆ దేశం పక్కవాడి ముఖంలోనే కనబడుతుంది.

హైదరాబాదు నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న అమరులయ్యారు. మహావీర చక్ర లభించింది. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, పోరాటాన్ని గౌరవంగా భావిస్తున్నానన్నారు. పుట్టబోయే బిడ్డకు మంచి సంస్కారం అబ్బేలా తన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కూడా కోరారు. ఇల్లు గుర్తొస్తే పిరికితనమని ఎవరైనా అంటే, నేను ఈ ఉత్తరం సంగతి చెబుతాను.

అపోహ: సైనికుడి గుండెలో ద్వేషం తప్ప ఇంకేమీ ఉండదు.

తమవాళ్లు కాదంటూ పాకిస్తాన్ తీసుకోని మృతదేహాలను మన సైనికులే వాళ్ల మతాచారం ప్రకారం ఖననం చేశారు. టైగర్ హిల్ దగ్గర చివరిదాకా పోరాడిన పాకిస్తాన్ కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్ (కర్నల్ అన్నది ఆయన పేరే, హోదా కాదు) ధైర్యాన్ని మెచ్చుకుంటూ మన బ్రిగేడియర్ చీటీ రాసి, ఆయన జేబులో పెట్టి పంపారు. పాకిస్తాన్ ఆయనకు తమ అత్యున్నత శౌర్య పురస్కారం నిషాన్-ఎ-హైదర్ ఇచ్చింది.

అపోహ: యుద్ధం సరిహద్దులో జరిగేది, విశాఖకు ఏమిటి సంబంధం?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవుకు దగ్గరలోనే మునిగింది. అందులో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. మా పిల్లలను బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి మ్యూజియంకు తీసుకెళ్లి, యంత్రాల మధ్య ఇరికించిన పడకలు చూపిస్తాను. ఇలాంటి గొట్టంలో ఇరవై ఏళ్ల నావికులు వారాల తరబడి సూర్యుణ్ని చూడకుండా ఉంటారని చెబితే అల్లరి చేసేవాళ్లు కూడా శ్రద్ధగా వింటారు.

అపోహ: ఇంటికి వచ్చేస్తే యుద్ధం అయిపోయినట్టే.

గన్నర్లలో చాలామందికి చెవుల్లో హోరు మిగిలిపోతుంది, వినికిడి తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు పిలిస్తే పలకడం లేదని నొచ్చుకుంటారు. కొందరికి నిద్ర పట్టదు, కొందరు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, కొందరు మాట్లాడటమే మానేస్తారు. ఇవి వైద్యం ఉన్న బాధలు. సెలవు మీద వచ్చిన కుర్రాణ్ని దయచేసి ‘ఎంతమందిని చంపావు?’ అని అడగకండి. చుట్టాలు మొదట అడిగేది అదే, వాడు నోరు మూసుకునేదీ అక్కడే. అక్కడ ఏం తినేవారు, జట్టులో ఎవరెవరు ఉండేవారు, ఉత్తరాలు అందేవా అని అడగండి. వాడికి చెప్పాలనిపించిన రోజు మిగతాది చెబుతాడు. నెలలు గడిచినా నిద్ర కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. వాడు చేయనంటే ఇంట్లోవాళ్లే ముందు చేసి సలహా అడగవచ్చు.