మతిమరుపు: అపోహలు - వాస్తవాలు

"ఈమధ్య ఏదీ గుర్తుండట్లేదండీ, భయంగా ఉంది" అంటూ కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లు ముందుగా చెప్పేది తాళాల గురించే. "అవి పెట్టేటప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడుగుతాను. కాసేపు ఆలోచించి, "ఫోన్ మాట్లాడుతున్నా" అంటారు.

అపోహ: తాళాలు ఎక్కడ పెట్టామో తెలియకపోతే జ్ఞాపకశక్తి తగ్గినట్టే.

వాస్తవం: మరిచిపోవాలంటే ముందు అది మనసుకెక్కాలి కదా. చెయ్యి తాళాలు పెట్టింది, ధ్యాస ఫోన్‌లో ఉంది. ఇక గుర్తుండడానికి ఏముంది? నేను చూసే మతిమరుపులో ఎక్కువ భాగం ఇదే.

అపోహ: రోజులు గడిచేకొద్దీ జ్ఞాపకం దానంతటదే అరిగిపోతుంది.

వాస్తవం: కొంత నిజమే. జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గుతుందో కొలిచి 1885లో ప్రచురించాడు. శ్రమ ఎంత ఆదా అయితే అంత గుర్తున్నట్టు. 20 నిమిషాల తర్వాత 58 శాతం ఆదా అయింది, ఒక రోజు తర్వాత సుమారు 34, నెల తర్వాత 21. అంటే మరుపు మొదట్లోనే జోరుగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అయితే 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగంలో, నేర్చుకున్నాక నిద్రపోయినప్పుడు ఎక్కువ గుర్తుంది, అంతే సేపు మెలకువగా ఉంటే తక్కువ గుర్తుంది. గడిచిన గంటలు మాత్రం సమానమే! నిద్ర జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని తర్వాత తెలిసింది. మెలకువలోనేమో కొత్త విషయాలు పాతవాటికి అడ్డుపడతాయి. పాతవీ ఊరుకోవు: పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు వేళ్లు పాతదే కొట్టేస్తాయి, చూడండి.

అపోహ: గుర్తు రాలేదంటే పోయినట్టే.

వాస్తవం: పేరు నాలుక చివరే ఉంటుంది, మొదటి అక్షరం ఎవరైనా అందిస్తే చటుక్కున వచ్చేస్తుంది. ఉన్నదే కాబట్టి వచ్చింది.

అపోహ: ఘోరమైన అనుభవాల్ని మనసు దాచేస్తుంది, తవ్వి తీయాలి.

వాస్తవం: బాధపెట్టే జ్ఞాపకాల్ని మనసు మనకు తెలియకుండానే అణిచేస్తుందని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ చెప్పిన మాట నుంచి వచ్చిన నమ్మకం ఇది. నన్ను ఎక్కువ కలవరపెట్టేదీ ఇదే. అలాంటివి చాలామందికి మరవాలన్నా మరుపురావు. తవ్వితే జరగనివి పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1995లో ప్రచురించిన ప్రయోగంలో 24 మందికి, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారంటూ జరగని సంగతి చెప్పారు. దాదాపు నాలుగోవంతు మంది దాన్ని పూర్తిగానో కొంతో నిజంగా "గుర్తు తెచ్చుకున్నారు". అందుకే నా ఎదుట కూర్చున్నవాళ్లను "బాగా ఆలోచించండి, ఇంకేదో జరిగుంటుంది" అని ఎప్పుడూ ఒత్తిడి చేయను.

తాళాల గురించి టెన్షన్ పడకండి. అడిగిన ప్రశ్నే కాసేపటికి మళ్లీ మళ్లీ అడుగుతున్నా, బాగా తెలిసిన దారిలో తప్పిపోతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి.