అప్రెంటిస్ అంటే ఫిట్టరేనా? ఆ గీత ఎవరు గీశారు?

అప్రెంటిస్ అనగానే కళ్లముందు మెదిలేది ఫిట్టరో, వెల్డరో, ఎలక్ట్రీషియనో. అందుకే ఇన్సూరెన్స్ ఆఫీసులో అప్రెంటిస్, సాఫ్ట్‌వేర్‌లో అప్రెంటిస్, టీచర్ అప్రెంటిస్ అని వింటే ఇదేదో కొత్త వింతలా ఉంటుంది. ప్రభుత్వాలు కూడా "సంప్రదాయేతర రంగాలకు విస్తరణ" అని పెద్ద పేరు పెట్టి మాట్లాడతాయి. నాకు ఆ పేరు దగ్గరే పేచీ, ఎందుకంటే ఏది సంప్రదాయం, ఏది కాదు అన్నది చాలాసార్లు ఆ పనిని బట్టి కాకుండా ఎప్పుడో రాసిన చట్టాన్ని బట్టే తేలింది.

1563లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, ఇంగ్లండ్‌లో ఒక చట్టం చేశారు. చేతిపని చేసుకుని బతకాలంటే ముందు కనీసం 7 ఏళ్లు ఒకరి దగ్గర అప్రెంటిస్‌గా ఉండి తీరాలి. మరి తర్వాత పుట్టే పనుల సంగతేంటి? చట్టం వచ్చేనాటికి దేశంలో ఉన్న పనులకే ఇది వర్తిస్తుందని కోర్టులు తేల్చేశాయి. దీంతో ఎంత తమాషా జరిగిందో 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ రాశాడు. గుర్రపు కోచ్‌లు తయారుచేసేవాడు తన బండికి చక్రాలు తాను చేసుకోకూడదు, పనివాళ్లను పెట్టి చేయించకూడదు, చక్రాల మేస్త్రీ దగ్గర కొనాల్సిందే. ఎందుకంటే చక్రాల పని 1563కి ముందు నుంచే ఉంది. అదే చక్రాల మేస్త్రీ మాత్రం ఒక్కరోజు కూడా కోచ్ పని నేర్చుకోకపోయినా దర్జాగా కోచ్‌లు చేసి అమ్ముకోవచ్చు, ఎందుకంటే చట్టం నాటికి ఇంగ్లండ్‌లో ఆ పనే లేదు! మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లలోని చాలా పరిశ్రమలు కూడా ఇదే కారణంతో చట్టానికి బయట ఉండిపోయాయి. అంటే ఆనాటి "సంప్రదాయేతర రంగాలు" అవే అన్నమాట. చివరికి 1814లో ఆ నిబంధన ఎత్తేశారు.

ఇంకో సంగతి. ఇప్పుడు డిగ్రీ లేనిదే గడప తొక్కనివ్వని వృత్తులు చాలావరకు అప్పట్లో అప్రెంటిస్ పనులే. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ లా నేర్చుకున్నది ఒక లాయర్ ఆఫీసులో. ఇంగ్లండ్‌లో మందులిచ్చే అపోథెకరీగా లైసెన్స్ కావాలంటే 1815 చట్టం ప్రకారం 5 ఏళ్ల అప్రెంటిస్‌షిప్ తప్పనిసరి. తర్వాత కాలేజీలు వచ్చి ఈ వృత్తుల్ని తమ గుప్పిట్లోకి తీసుకున్నాయి. అయినా అమెరికాలో కాలిఫోర్నియా, వర్జీనియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో లా కాలేజీకి వెళ్లకుండా లాయర్ దగ్గర పని నేర్చుకుని పరీక్ష రాసే దారి ఇంకా మూసుకుపోలేదు.

అమెరికాలో ఇప్పుడున్న పద్ధతికి పునాది 1937 నాటి జాతీయ అప్రెంటిస్‌షిప్ చట్టం. ఇది బాగా వేళ్లూనుకున్నది భవన నిర్మాణంలో, ఎందుకంటే అక్కడ యూనియన్లూ కాంట్రాక్టర్లూ కలిసి శిక్షణ కమిటీలు నడిపేవారు, మేస్త్రీలు పనిచేసిన ప్రతి గంటకూ ఇంత అని శిక్షణ నిధిలో పడేది, కాబట్టి పని నేర్చుకున్న కుర్రాడు రేపు వేరే కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లిపోయినా ఎవరికీ పెద్ద బాధ లేదు. ఆఫీసు ఉద్యోగాల్లో ఇలాంటి ఉమ్మడి హుండీ లేదు. నేను డబ్బు పెట్టి నేర్పిస్తే పక్క కంపెనీ ఎగరేసుకుపోతుంది కదా అన్న టెన్షన్ ప్రతి యజమానికీ ఉంటుంది. నన్నడిగితే అసలు అడ్డంకి ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

రెండో చిక్కు గంటల లెక్క. అమెరికా ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన అప్రెంటిస్‌షిప్ అంటే గతంలో కనీసం 2,000 గంటల పని. గోడ కట్టేవాడికి ఆ లెక్క సరిపోతుంది, కోడ్ రాసేవాడు ఆరు నెలల్లోనే పట్టు సాధిస్తే ఏం చేయాలి? గంటలకు బదులు నైపుణ్యాన్ని కొలవడానికీ, రెండూ కలిపి చూడడానికీ 2008లో నిబంధనలు మార్చారు. అప్రెంటిస్‌షిప్‌ను కొత్త రంగాలకు విస్తరించడానికి 2015లో 17.5 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఇచ్చారు. 2016లో జ్యూరిక్ ఇన్సూరెన్స్ షికాగో శివార్లలో ఒక కమ్యూనిటీ కాలేజీతో కలిసి అప్రెంటిస్‌లను తీసుకుంది. 2020లో ట్రంప్ ప్రభుత్వం పరిశ్రమలే ప్రోగ్రాంలను గుర్తించుకునే వేరే పద్ధతి తెచ్చి, నిర్మాణ రంగాన్ని మాత్రం అందులోంచి తప్పించింది, 2022లో బైడెన్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అదే 2022లో టెనెసీ రాష్ట్రం టీచర్ ఉద్యోగానికి అప్రెంటిస్‌షిప్ రిజిస్టర్ చేయించింది, దేశంలో అదే మొదటిది.

జర్మనీవాళ్లకి ఈ చర్చ వింతగా ఉంటుంది. అక్కడ బ్యాంకు గుమాస్తా పని నేర్చుకునేది ఎప్పటినుంచో అప్రెంటిస్‌గానే, వారంలో కొన్ని రోజులు బ్రాంచిలో, కొన్ని రోజులు వృత్తి విద్యా స్కూల్లో. ఐటీ వచ్చినప్పుడు వాళ్లేం కంగారు పడలేదు, 1997లో నాలుగు కొత్త ఐటీ వృత్తులను జాబితాలో చేర్చేసి ఊరుకున్నారు.

బ్రిటన్ మాత్రం డబ్బు వైపు నుంచి నరుక్కొచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి జీతాల బిల్లు ఏడాదికి 30 లక్షల పౌండ్లు దాటిన యజమాని 0.5 శాతం లెవీ (ఒకరకం పన్ను) కట్టాలి, ఆ డబ్బును అప్రెంటిస్ శిక్షణకే వాడుకోవాలన్నది మొదట్లో పెట్టిన నిబంధన. ఎలాగూ కట్టాం కదా అని కంపెనీలు ఏం చేశాయంటే, అప్పటికే ఉద్యోగంలో ఉన్న మేనేజర్లను మాస్టర్స్ స్థాయి "అప్రెంటిస్‌షిప్"లో చేర్పించాయి. పదహారేళ్ల కుర్రాళ్ల కోసం అనుకున్న తలుపులోంచి నలభై ఏళ్ల సార్లు లోపలికొచ్చారు. చివరికి ఇంగ్లండ్‌లో 2026 జనవరి నుంచి ఆ స్థాయి కోర్సుల్లో కొత్తగా చేరేవాళ్లలో, కొన్ని మినహాయింపులు పోను, 16 నుంచి 21 ఏళ్ల వాళ్లకే ఈ డబ్బు అని వయసు గీత గీయాల్సి వచ్చింది.