శాంపిల్ యాప్ నడిస్తే ఎస్‌డీకే వచ్చినట్టేనా? ఆండ్రాయిడ్‌పై కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడంతో పాటు, బృందంలో కొత్తగా చేరినవారికి ఆ పని నేర్పే బాధ్యత కూడా నాపై ఉండడం వల్ల, ఈ అపోహలు నాకు తరచుగా ఎదురవుతుంటాయి. వీటిలో కొన్ని ఒకప్పుడు నావే.

అపోహ: శాంపిల్ యాప్‌ను తెచ్చి నడిపిస్తే ఎస్‌డీకే (యాప్‌లు రాయడానికి ఇచ్చే ఉపకరణాల సమితి) వచ్చేసినట్టే.

వాస్తవం: ఒక సదుపాయం ఎలా పనిచేస్తుందో చూపడానికి శాంపిల్ యాప్ రాస్తారు, ఎక్కడ పనిచేయదో అది సాధారణంగా చెప్పదు. అందువల్ల దాన్ని నడిపించడంతో ఆగకుండా, కావాలని చెడగొట్టి చూడాలి. ఉదాహరణకు, శాంపిల్‌లో నొక్కులు లెక్కపెట్టే అంకె ఉంటే దాన్ని యాక్టివిటీ (యాప్‌లో ఒక తెరను నడిపే క్లాసు)లోని మామూలు వేరియబుల్‌లోకి మార్చి, ఫోన్‌ను అడ్డంగా తిప్పితే ఆ అంకె మళ్లీ సున్నా అవుతుంది. ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, తెర తిరిగినప్పుడల్లా సిస్టమ్ పాత యాక్టివిటీని తీసేసి కొత్తదాన్ని సృష్టించడమే దీనికి కారణం. తెర తిరిగినా డేటాను నిలిపి ఉంచే వ్యూమోడల్ ఎందుకు పుట్టిందో అప్పుడు అర్థమవుతుంది.

అపోహ: కస్టమ్ వ్యూలు (తెరపై కనిపించే భాగాలను మనమే రాసుకోవడం) ఆరితేరినవారి పని, నేర్చుకునేవారికి వాటితో అవసరం లేదు.

వాస్తవం: నా దృష్టిలో అవి రెండో వారంలోనే మొదలుపెట్టవలసినవి. వ్యూ క్లాసును ఆధారంగా తీసుకొని ఆన్‌డ్రా (గీసే ఫంక్షన్)లో ఒక చిన్న వృత్తం గీసి, వెడల్పుకూ ఎత్తుకూ ర్యాప్ కంటెంట్ (లోపల ఉన్నదానికి సరిపడేంత) అని రాయండి. వృత్తం చిన్నదే అయినా ఆ వ్యూ దాదాపు తెర మొత్తాన్నీ ఆక్రమిస్తుంది. పేరెంట్ లేఅవుట్ (ఆ వ్యూను తనలో అమర్చుకునేది) “ఇంతకు మించకూడదు” అని ఒక హద్దు ఇచ్చినప్పుడు, మనం ఆన్‌మెజర్ (కొలత తేల్చే ఫంక్షన్) రాయకపోతే, వ్యూ క్లాసు ఆ హద్దు మొత్తాన్నీ తన కొలతగా తీసుకుంటుంది. అక్షరాలు చూపే రెడీమేడ్ టెక్స్ట్‌వ్యూ వాడినన్నాళ్లూ ఈ సంగతి తెలియదు, ఎందుకంటే దాన్ని రాసినవారు ఆ పని మన తరఫున ముందే చేసిపెట్టారు.

తెలుగు విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. వాక్యాన్ని ఒక్కో అక్షరంగా తెరపైకి తెచ్చే కాంపొనెంట్ ఒకటి రాశాను. ఇంగ్లిష్‌తో చక్కగా నడిచిన ఆ కాంపొనెంట్ “స్త్రీ” అన్న మాట దగ్గర బోల్తా పడింది. మన కంటికి ఒక్కటే అయిన ఆ అక్షరం స్ట్రింగ్‌లో 6 యూనికోడ్ సంకేతాలుగా ఉంటుంది. వాటిని విడివిడిగా గీస్తే వత్తులు ఏర్పడక స, త, ర మూడూ వేర్వేరుగా నిలబడి, పొల్లులూ గుడి దీర్ఘమూ దిక్కులేనివయ్యాయి. చివరికి అక్షరం బదులు మాట మొత్తాన్నీ ఒకేసారి గీసేలా మార్చాను.

అపోహ: బొమ్మ సరిగ్గా వస్తే కాంపొనెంట్ పూర్తయినట్టే.

వాస్తవం: సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16 మిల్లీసెకన్లే. కాబట్టి పెయింట్ (గీతల రంగు, మందం వంటివి ఉండేది) వంటి ఆబ్జెక్టులను మళ్లీ మళ్లీ నడిచే ఆన్‌డ్రాలో కాకుండా ముందే సృష్టించుకోవాలి. రంగు మారితే ఇన్‌వాలిడేట్ (మళ్లీ గీయమనడం) చాలు. కొలత కూడా మారితే రిక్వెస్ట్‌లేఅవుట్ (మళ్లీ కొలవమనడం) పిలవాలి.

అపోహ: జెట్‌ప్యాక్ కంపోజ్ (తెరలను ఫంక్షన్లుగా రాసే కొత్త పద్ధతి) వచ్చాక ఇదంతా వృథా.

వాస్తవం: 2021 జులైలో కంపోజ్ 1.0 వచ్చాక రాసే తీరు మారింది కానీ, కొలవడం, అమర్చడం, గీయడం అనే క్రమం అలాగే ఉంది. పైగా కంపోజ్‌లో ఒక లేఅవుట్ పాస్‌లో (ఒక విడత అమరికలో) ఒకే చైల్డ్‌ను, అంటే లోపలి భాగాన్ని, రెండుసార్లు కొలిస్తే యాప్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది. పైన చెప్పిన వృత్తాన్నే కంపోజ్‌లోని లేఅవుట్ ఫంక్షన్‌తో మళ్లీ రాసి చూడండి; ఆన్‌మెజర్‌లో చూసిన “ఇంతకు మించకూడదు” అన్న హద్దు అక్కడ మాక్స్‌విడ్త్, మాక్స్‌హైట్ అనే పేర్లతో కనిపిస్తుంది.