గేట్ల మధ్య స్కీయింగ్, శిక్షణ స్కీయింగ్: కొన్ని అపోహలు, వాస్తవాలు

మా పర్లాకిమిడిలో మంచు అంటే పుష్యమాసపు తెల్లవారుజామున కొండల మీద కమ్ముకునే పొగమంచే. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్పి ఇంటికి వచ్చిన నన్ను, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత స్కీయర్ ఆరిఫ్ మొహమ్మద్ ఖాన్ పరుగును టీవీలో చూసిన మా మేనమామ, "ఏరా, నువ్వెందుకు అలా నేర్పవు?" అని అడిగాడు.

అపోహ: రేసర్లదే అసలు పద్ధతి, శిక్షకులు నేర్పేది దాని పలచటి రూపం.

రెండింటికీ పునాది ఒకటే. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడికాలి స్కీ మీద ఉండాలి. తేడా అంతా ప్రయోజనంలో ఉంది. ఎక్కడ తిరగాలో రేసర్‌కు గేటు, అంటే దారిలో పాతిన కర్రలు, చెబుతుంది. సెకనులో నూరోవంతు కూడా లెక్కకు వస్తుంది కనుక వేగాన్ని వీలైనంత కాపాడుకుంటాడు. నా విద్యార్థికి గేటు ఉండదు కాబట్టి, మలుపును వాలుకు అడ్డంగా చివరిదాకా తిప్పి వేగాన్ని తానే తగ్గించుకోవాలి.

అపోహ: రేసర్లు ఎప్పుడూ స్కీ అంచు మీదే వెళ్తారు, స్కీ పక్కకు జారితే అది తప్పే.

అంచు మీద వెళ్ళిన మలుపు మంచులో జంటగీతల ముగ్గులా సన్నగా ఉంటుంది; జారిన మలుపు ఆ ముగ్గునే అరచేత్తో తుడిచినట్టు కనిపిస్తుంది. పురుషుల జెయింట్ స్లాలమ్ (గేట్లు దూరదూరంగా ఉండే రేసు) స్కీల పక్క అంచు వంపు వ్యాసార్ధం (ఇది ఎంత పెద్దదైతే మలుపు అంత వెడల్పు) 30 మీటర్లకు తగ్గకూడదని నియమం. అంచును ఎంత వాల్చితే స్కీ అంత వంగి మలుపు బిగుస్తుంది గానీ, వాలు నిటారుగా ఉండి గేట్లు ఇంకా ఇరుకుగా పడితే, రేసర్ మలుపు ఆరంభంలో కావాలనే స్కీలను కాస్త జార్చి, దిశ మార్చి, ఆ తర్వాతే అంచు పట్టిస్తాడు. జార్చడం నేర్వనివాడు అక్కడ గేటు తప్పిపోతాడు. నా విద్యార్థులు అద్దెకు తీసుకునే స్కీల వ్యాసార్ధం చాలావరకు అందులో సగమే; వాటి మీద రేసర్ వంపును అనుకరించడం అనవసరం.

అపోహ: చేత్తో గేటును కొట్టే భంగిమ మంచి మలుపుకు గుర్తు.

స్లాలమ్ (గేట్లు దగ్గరదగ్గరగా ఉండే రేసు) గేటు కర్ర అడుగున వంగి మళ్ళీ లేస్తుంది. పాదాలు దాని బయటినుంచి, ఒళ్ళు లోపలినుంచి పోయే దారే దగ్గరది కనుక, దారికి అడ్డొచ్చే కర్రను రేసర్ పక్కకు తోస్తాడు. మొదటి ఏడాది నేను ఖాళీ వాలు మీద ఇదే చేశాను. చెయ్యి చాపగానే భుజం తిరిగింది, బయటి స్కీ మీద బరువు పోయింది, తుంటి మీద కూలబడ్డాను.

ఇక స్కీలను V ఆకారంలో పెట్టి ఆగే స్నోప్లౌ పిల్లల ఆట అనేవారికి ఒక్క మాట: పరుగు ముగించి లిఫ్ట్ వరుస దగ్గరకు వచ్చే రేసర్లు కూడా స్కీల మొనలు దగ్గరకు చేర్చి, మడమలు ఎడంగా తోసి, నెమ్మదించే ఆగుతారు.