పక్క కణానికి దారి మూసుకుపోతే

కుక్కర్ విజిల్ వేసినా పసివాడు ఉలిక్కిపడడు. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడడు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని పెద్దవాళ్లు సర్దిచెప్తారు. రెండేళ్లు దాటాక ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపిస్తే, శబ్దానికి నరం, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే బేరా పరీక్షలో రెండు చెవులూ వినపడటం లేదని తేలుతుంది. తల్లికీ తండ్రికీ నిక్షేపంగా వినపడుతుంది. రెండు వైపులా చెవుడున్న చుట్టం ఒక్కరూ గుర్తుకురారు. దాంతో కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు, గ్రహణం రోజు ఎందుకు బయట తిరిగావు అని అందరూ తల్లి మీద పడతారు. అసలు కారణం గ్రహణమూ కాదు, తిండీ కాదు. ఇలాంటి పిల్లల్లో ఎందరికో కారణం కనెక్సిన్ 26 అనే చిన్న ప్రోటీన్‌లో లోపం.

మన కణాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా, దేని పొర దానిదే. ఆ పొరలో ఆరు కనెక్సిన్ ప్రోటీన్లు గుండ్రంగా చేరి ఒక గొట్టంలా నిలబడతాయి. పక్క కణం పొరలోనూ అలాంటి గొట్టమే ఉంటుంది. రెండూ ఎదురెదురుగా అతుక్కుంటే ఈ కణం లోపలి నుంచి ఆ కణం లోపలికి నేరుగా దారి పడుతుంది. ఇలాంటి గొట్టాలు గుంపుగా చేరిన చోటే గ్యాప్ జంక్షన్. పిట్టగోడ మీదుగా కూరగిన్నె అందించుకున్నట్టు ఇరుగుపొరుగు కణాలు అయాన్లు, గ్లూకోజు, చిన్నచిన్న సంకేత అణువులు మార్చుకుంటాయి. అణువు బరువు సుమారు 1000 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటితే ఆ దారిలో పట్టదు. అందుకే ప్రోటీన్లు, డీఎన్‌ఏ ఎక్కడివక్కడే ఉండిపోతాయి.

మనిషిలో కనెక్సిన్లు దాదాపు ఇరవై రకాలున్నాయి. పేరు చివరి అంకె వాటి బరువు, కిలోడాల్టన్లలో. గుండె కింది గదుల్లో ప్రధానంగా ఉండేది కనెక్సిన్ 43. కోట్ల కండర కణాలు ఒక్కసారిగా ముడుచుకోవాలంటే విద్యుత్తు ఒకదాన్నుంచి ఇంకోదానికి ఆగకుండా పాకాలి. ఆ దారి ఇదే. చిత్రమేమిటంటే ఇంత కీలకమైన ప్రోటీన్ ఆయుష్షు కొన్ని గంటలే. పాతది పోతూ కొత్తది వస్తూనే ఉంటుంది. గుండెపోటులో రక్తం అందక కణంలో కాల్షియం, ఆమ్లం పెరిగితే ఈ గొట్టాలు మూసుకుంటాయి. చచ్చిపోతున్న కణం నుంచి పక్కవాటికి నష్టం పాకకుండా అది మేలే. కానీ విద్యుత్తు నడక గాడి తప్పి, ప్రాణం తీసే లయ తప్పడాలు మొదలయ్యేదీ ఇలాంటప్పుడే. గర్భసంచిలోనూ ఇదే కనెక్సిన్ నెలల తరబడి కొద్దిగా ఉండి, కాన్పు దగ్గరపడేసరికి ఒక్కసారిగా పెరుగుతుంది. నొప్పులు కలిసికట్టుగా రావడానికి అది కావాలి. రక్తనాళాలే లేని కంటి లెన్సులో కణాలను బతికించేవి కనెక్సిన్ 46, 50. వాటిలో తేడా వస్తే పుట్టుకతోనే శుక్లం రావచ్చు.

ఇక చెవి సంగతి. లోచెవిలోని కాక్లియాలో శబ్దాన్ని పట్టే రోమకణాలుంటాయి. శబ్దం తగలగానే వాటిలోకి పొటాషియం దూసుకొచ్చి విద్యుత్తు పుడుతుంది. ఆ పొటాషియాన్ని చుట్టూ ఉన్న ఆధార కణాలు తీసుకుని, కనెక్సిన్ 26, 30 గొట్టాల గుండా ఒకదాన్నుంచి ఒకటి అందించుకుంటూ వెనక్కి పంపుతాయి. పుస్తకాలు చెప్పే కథ ఇది. నాకైతే కథ ఇంతటితో అయిపోయిందనిపించదు. ఈ ప్రోటీన్‌లో 84వ స్థానంలో వేలిన్ అనే అమైనో ఆమ్లం బదులు ల్యూసిన్ అనే ఇంకొకటి వచ్చే ఒక మార్పు ఉంది. అలాంటి గొట్టంలో పొటాషియం బాగానే పోతుంది, ఐపీ3 అనే సంకేత అణువు మాత్రం సరిగ్గా పోదు. అయినా చెవుడు వస్తుంది. ఆధార కణాల్లో కనెక్సిన్ 26 లేకుండా చేసిన ఎలుకపిల్లల్లో, వినికిడి రాకముందే పూర్తవాల్సిన కాక్లియా నిర్మాణం మధ్యలోనే ఆగిపోతుంది. అంటే ఇది పొటాషియం రవాణా ఒక్కదానితో తేలే వ్యవహారం కాదు.

కనెక్సిన్ 26ని తయారుచేసే జన్యువు జీజేబీ2. చెవుడుతో దాని సంబంధం 1997లో బయటపడింది. యూరప్‌లో ఎక్కువగా కనిపించే మార్పు వేరు, జపాన్, చైనాల్లోది వేరు. మన దేశంలో తరచుగా దొరికేది డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు. జన్యువులో 71వ అక్షరం 'జి' బదులు 'ఎ' పడుతుంది, అంతే. 226 అమైనో ఆమ్లాలతో పూర్తికావాల్సిన ప్రోటీన్ 24వ దాని దగ్గరే "ఇక చాలు" అన్న ఆదేశం అందుకుని ఆగిపోతుంది. గొట్టం కట్టడానికి ఏమీ మిగలదు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన ఈ జన్యువు రెండు ప్రతులూ చెడితేనే బిడ్డకు ఈ చెవుడు వస్తుంది. ఒక్క ప్రతి చెడినవాళ్లకు మామూలుగానే వినపడుతుంది కాబట్టి తరాల తరబడి ఎవరికీ అనుమానం రాదు. మేనరికంలో చిక్కు ఇక్కడే. మేనమామ, మేనకోడలు జన్యువుల్లో నాలుగో వంతు, బావామరదళ్లు ఎనిమిదో వంతు పంచుకుంటారు. తాతముత్తాతల దగ్గరున్న ఒక్క చెడ్డ ప్రతి రెండు వైపుల నుంచీ వచ్చి బిడ్డ దగ్గర కలుసుకునే వీలు పెరుగుతుంది. బయటి సంబంధం చేసుకున్నా రాదని కాదు, అవకాశం తగ్గుతుంది.

ఈ పిల్లల్లో వినికిడి నరం సాధారణంగా బాగానే ఉంటుంది. రోమకణాలను దాటేసి నేరుగా నరాన్ని తట్టే కాక్లియర్ ఇంప్లాంట్ అందుకే వీళ్లకు బాగా పనిచేస్తుంది. అదీ త్వరగా పెడితేనే. పుట్టిన నెలలోపు ఓఏఈ లాంటి వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలన్నది వైద్యులు పెట్టుకున్న లెక్క. ఒక బిడ్డకు జీజేబీ2 లోపం ఉన్నట్టు తేలితే, తల్లిదండ్రులు కూడా రక్తపరీక్ష చేయించుకుని రెండో కాన్పుకి ముందే జన్యు సలహా తీసుకోవచ్చు. ఇద్దరి దగ్గరా ఒక్కో చెడ్డ ప్రతి ఉంటే ప్రతి కాన్పులోనూ అవకాశం 25 శాతమే. మొదటివాడికి వచ్చేసింది కాబట్టి రెండోదానికి రాదనే లెక్క జన్యువులకు తెలియదు.