పేలుడంతా మూతలోనే ఉంది: పిల్లల సైన్స్ ప్రయోగాలపై అపోహలు - వాస్తవాలు

పిల్లలకు సైన్స్ షోలు చేయడం నా పని. షో అయ్యాక తల్లిదండ్రులు దగ్గరికొచ్చి ఎక్కువగా అడిగేది "ఇందులో ఏం కలిపారండీ?" అని. అది తెలిస్తే ఇంట్లో చేయొచ్చో లేదో తేలిపోతుందని వాళ్ల ఉద్దేశం. తేలదు. ఏం కలిపామన్నది సగం సంగతే. దేంట్లో కలిపాం, మూత పెట్టామా, ఆ మూత ఎంత గట్టిది అన్నది మిగతా సగం. నా దృష్టిలో ఈ రెండో సగమే పెద్దది.

అపోహ: వంటసోడా, వెనిగర్ కలిపితే ఏ ప్రమాదమూ ఉండదు

మూత లేని గిన్నెలో అయితే నిజమే. ఒక్కసారి లెక్క వేద్దాం. ఒక టీస్పూను వంటసోడా సుమారు 5 గ్రాములు. 5 శాతం ఆమ్లం ఉండే మామూలు వెనిగర్ 70 మిల్లీలీటర్లు పోస్తే ఆ సోడాకి సరిపోతుంది. రెండూ పూర్తిగా కలిసిపోతే దాదాపు 1.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. గిన్నెలో అది బుసబుసా పొంగి గాల్లో కలిసిపోతుంది. అదే పావు లీటరు గాజు సీసాలో పోసి మూత బిగించారనుకోండి, ఆ గ్యాసుకి లోపల దొరికే చోటు గ్లాసుడు కూడా ఉండదు. అప్పుడు పగిలేది గాజు. అవే పదార్థాలు, అదే కొలత, మారిందల్లా మూత ఒక్కటే.

అందుకే "పేల్చండి సార్" అని పిల్లలు గొడవ చేసినప్పుడు నేను జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవర్ తీస్తాను. రెండు టీస్పూన్ల సోడాని టిష్యూ పేపర్లో పొట్లం కడతాం. కవర్లో ముప్పావు గ్లాసు వెనిగర్ పోసి, పొట్లం లోపల పడేసి, చటుక్కున జిప్ మూసి, ఆరుబయట నేలమీద పెట్టి నాలుగడుగులు వెనక్కి. టిష్యూ నానేదాకా ఏమీ జరగదు. ఆ కాసేపూ పిల్లల టెన్షన్ చూడాలి! తర్వాత కవర్ దిండులా ఉబ్బుతుంది, మూలలు నిక్కబొడుచుకుంటాయి, టప్‌మని విచ్చుకుంటుంది. పల్చటి కవర్ కాబట్టి ఒత్తిడి పెద్దగా పెరగకముందే లొంగిపోతుంది. ఎగిరేది వెనిగర్ తుంపరే. అది కూడా కంట్లో పడితే మండుతుంది, కాబట్టి కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

అన్నట్టు, ఈ రెండింటితోనే చేసే అగ్నిపర్వతం నమూనా వేడెక్కుతుందని చాలామంది అనుకుంటారు. పొంగు తగ్గాక గ్లాసు బయటివైపు పట్టుకోమనండి. చల్లగా ఉంటుంది. ఈ చర్య వేడిని లోపలికి తీసుకుంటుంది. థర్మామీటర్ పెడితే పాదరసమో అంకెలో కిందికి దిగడం కనిపిస్తుంది. నా షోలో పిల్లలు నోరు తెరిచేది పొంగుకి కాదు, ఈ చల్లదనానికే.

అపోహ: కోలాలో మెంటోస్ వేస్తే రసాయన చర్య జరుగుతుంది

జరగదు. గ్యాసు ముందే కోలాలో కరిగి ఉంది, బయటికి రావడానికి ఒక ఆసరా కావాలి. మెంటోస్ పైకి నున్నగా కనిపిస్తుంది గానీ మైక్రోస్కోపు కింద చూస్తే అంతా గుంతలే. ఒక్కో గుంతలో ఒక్కో బుడగ పుడుతుంది. భౌతిక శాస్త్రవేత్త టోన్యా కాఫీ 2008లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో దీనిమీద ఒక పరిశోధన ప్రచురించారు. గరుకుదనంతో పాటు ఆ బిళ్ల ఎంత వేగంగా అడుక్కి దిగుతుందన్నది కూడా ఫౌంటెన్ ఎత్తుని నిర్ణయిస్తుందని అందులో చూపించారు. కోలా చల్లగా ఉంటే ఎత్తు తగ్గుతుంది. డైట్ కోలా వాడేది ఎందుకంటే, అందులోని తీపి పదార్థం ద్రవం తలతన్యతని, అంటే పైపొర బిగువుని, తగ్గిస్తుంది, దాంతో బుడగలు తేలిగ్గా పుడతాయి. తర్వాత నేల జిగటగా కూడా ఉండదు, తుడిచేవాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

రెండూ కలిపి మింగితే పొట్ట పగులుతుందన్నది మాత్రం పుకారు. తాగేటప్పుడే చాలా గ్యాసు పోతుంది. అయినా నోట్లో కలపనివ్వకండి. ముక్కులోంచి నురగ వస్తే అది సరదా కాదు.

అపోహ: ఏనుగు టూత్‌పేస్ట్ బాగా రావాలంటే గాఢమైన పెరాక్సైడ్ కావాలి

ఏనుగు టూత్‌పేస్ట్ అంటే సీసాలోంచి లావుపాటి పేస్ట్‌లా నురగ పొంగుకొచ్చే ప్రయోగం. అన్నిటికంటే నన్ను భయపెట్టే అపోహ ఇదే. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో గిన్నెలు కడిగే లిక్విడ్ కొంచెం కలిపి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టిన ఈస్ట్ పోస్తే, ఈస్ట్‌లోని ఎంజైమ్ పెరాక్సైడ్‌ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆక్సిజన్ సబ్బులో చిక్కుకుని నురగ అవుతుంది. ఇది వేడి పుట్టించే చర్య. 3 శాతం పెరాక్సైడ్ అయితే ఆ వేడికి ద్రవం ఉష్ణోగ్రత మహా అయితే 20 డిగ్రీలు పెరుగుతుంది. నురగ గోరువెచ్చగా ఉంటుంది.

వీడియోల్లో పైకప్పుదాకా లేచే నురగకి వాడేది చాలాసార్లు 30 శాతం పెరాక్సైడ్. పదింతల గాఢత, పదింతల వేడి. ఆ వేడికి నీళ్లు మరిగి ఆవిరి కూడా నురగతో పాటు తన్నుకొస్తుంది. చర్య మొదలవకముందు కూడా ఆ పెరాక్సైడ్ చుక్క చర్మం మీద పడితే తెల్లగా కాలిపోతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. పిల్లలున్న చోటికి దాన్ని తేకూడదు. నేను తేను.

మరి నురగ ఎత్తుగా ఎలా లేస్తుంది? సీసా మార్చండి. అదే 3 శాతం పెరాక్సైడ్‌ని వెడల్పు గిన్నెలో పోస్తే నురగ నేలబారుగా పాకుతుంది. సన్నటి మెడ ఉన్న ప్లాస్టిక్ సీసాలో పోస్తే పాములా లేస్తుంది. మూత మాత్రం పెట్టొద్దు. నురగకి దారి ఉండాలి.

అపోహ: వంటింట్లో, బాత్రూంలో ఉండేవి ఎలా కలిపినా పర్వాలేదు

పిండి కన్నా సాధువైనది ఏముంటుంది? 1878లో అమెరికాలోని మినియాపొలిస్‌లో వాష్‌బర్న్ పిండిమిల్లులో గాల్లో తేలుతున్న పిండి ధూళి అంటుకుని 18 మంది చనిపోయారు. కాబట్టి పిండి చల్లి మంట లేపే ట్రిక్ నా జాబితాలో లేదు. బ్లీచ్‌ని వెనిగర్‌తో గానీ, ఆమ్లం ఉండే టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలిపితే వచ్చేది క్లోరిన్, విషవాయువు. క్లీనర్ సీసాలు ఏవీ ప్రయోగాల బల్ల మీదికే రాకూడదు.

డ్రై ఐస్‌ది కూడా ఇదే కథ. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, గ్యాసుగా మారితే సుమారు 800 రెట్లు పెరుగుతుంది. గాలి ఆడే గదిలో, మందపాటి గ్లవ్స్‌తో, పెద్దవాళ్ల చేతిలో ఉంటే పొగ చూడటానికి అద్భుతం. సీసాలో వేసి మూత బిగిస్తే బాంబే.

అపోహ: పేలకపోతే ప్రమాదం లేనట్టే

ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో నేనూ అలాగే అనుకున్నాను. నొక్కితే పట్టుకునే మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పావువంతు నీళ్లు, నీళ్లలో పడితే గ్యాసు వదులుతూ బుసబుసలాడే మాత్ర సగం ముక్క వేసి, మూత నొక్కి తలకిందులుగా నిలబెట్టాను. పది సెకన్లలో రాకెట్‌లా లేవాలి. లేవలేదు. ఏమైందా అని వంగి చూశాను. డబ్బా వచ్చి కళ్లజోడు ఫ్రేముకి తగిలింది. ఫ్రేము వంగింది, కన్ను దక్కింది. ముందు వరసలో పిల్లాడు చప్పట్లు కొట్టి "సార్, ఇంకోసారి!" అన్నాడు. మామూలు కళ్లజోడు పక్కల నుంచి వచ్చేదాన్ని ఆపదని కూడా ఆరోజే తెలిసింది. ఇప్పుడు చుట్టూ మూసి ఉండే గాగుల్స్ లేకుండా ఎవరినీ, నన్ను నేనూ, బల్ల దగ్గరికి రానివ్వను.

పేలకపోతే అందరం కలిసి గట్టిగా అరవై లెక్కపెడతాం. తర్వాత నేనొక్కడినే పక్క నుంచి వెళ్లి, పొడవాటి స్కేలుతో పిల్లలు లేని వైపుకి డబ్బాని పడగొడతాను. బుస పూర్తిగా ఆగాకే డబ్బాని పిల్లలకిచ్చి, ఎందుకు లేవలేదో చెప్పమంటాను. మాత్ర పాతదని ఒకరు, నీళ్లు ఎక్కువని ఒకరు వాదించుకుంటారు. మొన్నొక పాప ఏమీ మాట్లాడకుండా మళ్లీ నీళ్లు, మాత్ర ముక్క వేయించి, మూత పెట్టించి, దూరం నుంచే చూస్తూ నిలబడింది. మూత అంచున ఒకే చోట సన్నటి బుడగలు వరసగా వస్తున్నాయి.

"అదిగో సార్," అంది వేలు చూపిస్తూ, "గ్యాసంతా అక్కడి నుంచి పారిపోతోంది."