ఒక్కరైతే ఫిరాయింపు, పన్నెండు మందైతే విలీనం

2018 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్ గెలిచినవి 19 సీట్లు. ఆర్నెల్లు తిరిగేసరికి అందులో 12 మంది తమను టీఆర్ఎస్‌లో కలిపేయమని స్పీకర్‌కు లేఖ ఇచ్చారు. 2019 జూన్ 6న స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి సరేనన్నారు. అంతకుముందే ఎందుకు జరగలేదంటే లెక్క కుదరలేదు. విలీనానికి శాసనసభా పక్షంలో మూడింట రెండొంతులు కావాలి, 19కి అంటే 13 మంది. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్‌కుమార్‌రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి శాసనసభకు రాజీనామా చేశాక సంఖ్య 18కి దిగింది. 18కి 12 సరిగ్గా సరిపోయింది.

గాంధీభవన్ ఎక్కడికీ పోలేదు, ఢిల్లీలో ఏఐసీసీ యథాతథంగా ఉంది. కలిసిపోయింది సీఎల్పీ, అంటే కాంగ్రెస్ శాసనసభా పక్షం మాత్రమే. భట్టి విక్రమార్కకు ప్రతిపక్ష నేత హోదా పోయింది. ఏడుగురున్న మజ్లిస్ సభలో రెండో పెద్ద పార్టీ అయింది.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే 1967కు వెళ్లాలి. ఆ ఏడాది హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే రెండు వారాల్లో మూడుసార్లు కండువా మార్చారు. ‘ఆయారాం గయారాం’ అన్న మాట అలా పుట్టింది. ఆయనొక్కడే అయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. 1967 మార్చి నుంచి 1968 ఫిబ్రవరి దాకా దేశంలో 438 ఫిరాయింపులు నమోదయ్యాయి. ఏడు రాష్ట్రాల్లో పార్టీ మారిన 210 మందిలో 116 మందికి మంత్రి పదవులు దక్కాయి. అంటే సగం మందికి పైగా! గోడ ఎందుకు దూకుతారన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

చట్టం రావడానికి మరో పదిహేడేళ్లు పట్టింది. ఈలోగా మన దగ్గరా పెద్ద గందరగోళమే నడిచింది. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దె మీద కూర్చోబెట్టారు. తెలుగుదేశం ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకోవాల్సి వచ్చింది. క్యాంపు రాజకీయం అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి గట్టిగా తెలిసొచ్చింది అప్పుడే. నెల తిరక్కుండా గవర్నర్ మారారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగొచ్చారు.

1985లో రాజీవ్‌గాంధీ ప్రభుత్వం 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చింది. పార్టీని వదిలినా, పార్టీ ఆదేశాన్ని (విప్) ధిక్కరించి ఓటేసినా సభ్యత్వం పోతుంది. కానీ ఆ తలుపుకు రెండు కిటికీలు పెట్టారు. శాసనసభా పక్షంలో మూడోవంతు మంది బయటికొస్తే అది ‘చీలిక’. మూడింట రెండొంతులు వేరే పార్టీతో కలిస్తే ‘విలీనం’. రెండింటికీ శిక్ష లేదు. నా దృష్టిలో ఈ చట్టం ఫిరాయింపును ఆపలేదు, చిల్లర బేరాన్ని టోకు బేరంగా మార్చింది. 1990లో చంద్రశేఖర్ జనతాదళ్‌ను చీల్చే ప్రధాని అయ్యారు.

వాజపేయి హయాంలో 91వ సవరణ చీలిక కిటికీని మూసేసింది. 2004 జనవరి 1 నుంచి మిగిలింది విలీనం ఒక్కటే. అసలు పార్టీ కలవకుండా ఎమ్మెల్యేలు మాత్రమే కలిస్తే అది విలీనమవుతుందా అన్న తగాదా తెగలేదు. 2011లో చిరంజీవి ప్రజారాజ్యాన్ని కాంగ్రెస్‌లో కలిపినప్పుడు పార్టీయే వెళ్లింది, అందులో అనుమానం లేదు. 2016లో తెలంగాణ తెలుగుదేశంలో 15 మందికి 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైనప్పుడు మాత్రం చంద్రబాబు, ఆయన పార్టీ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

అంకె కుదరనప్పుడు మరో దారి ఉంది, స్పీకర్ తేల్చకుండా కూర్చోవడం. తీర్పు చెప్పేది స్పీకరే, గడువు చట్టంలో లేదు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్సీపీ గెలిచిన 67 మందిలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. మూడింట రెండొంతులకు చాలా దూరం. అయినా ఎవరి సభ్యత్వమూ పోలేదు. వారిలో నలుగురు 2017లో మంత్రులూ అయ్యారు. (2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లూ సరిగ్గా 23. రచ్చబండ దగ్గర ఆ కాకతాళీయాన్ని ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు.)

2023 చివర్లో తెలంగాణలో బల్ల తిరగబడింది. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌కు 39 మంది, విలీనానికి 26 కావాలి. కాంగ్రెస్ వైపు వెళ్లినవారు పది మంది. 2019లో విలీనానికి నిరసనగా ఇందిరాపార్కు దగ్గర దీక్షకు కూర్చున్న భట్టి ఇప్పుడు ఉపముఖ్యమంత్రి. అప్పుడు పన్నెండు మందిని కలుపుకున్న పార్టీ అనర్హత పిటిషన్లు పట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌ను ఆదేశించింది. ఆ పది మందిలో దానం నాగేందర్‌ది విడ్డూరమైన కేసు. బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు చేయి గుర్తు మీద పోటీ చేశారు.